కాల్చడానికి చేసిన తలుపు

నేను ఒక తలుపుని. పుట్టినప్పుడు మాత్రం నా వెనక ఇల్లు లేదు.

హైదరాబాదు శివార్లలో సినిమా సెట్లు తయారుచేసే రేకుల షెడ్డు ఒకటుంది. అక్కడ నాసిరకం చెక్క చట్రానికి రెండు పక్కలా పలచటి ప్లైవుడ్ కొట్టి నన్ను నిలబెట్టారు. పైన ప్లాస్టరు పూసి, అది ఆరకముందే ఇనుప దువ్వెనతో గీసి టేకు చారలు తెప్పించారు. ఆ పని చేయించినవాడు వేదాద్రి, ఆ సినిమాకి ఆర్ట్ డైరెక్టరు. మాట తక్కువ మనిషి. గోళ్ల సందుల్లో ఎప్పుడూ రంగు ఉండేది. ఒక్క మధ్యాహ్నంలో ఆయన నాకు ముసలితనం తెచ్చిపెట్టాడు. ఒకచోట ఉప్పుగాలి తిన్నట్టు పెచ్చులు లేపాడు, ఒకచోట పిల్లలు మేకుతో గీకినట్టు గీతలు పెట్టాడు, అడుగున వరద మరక వేశాడు. చివరికి గడియ కూడా రంగుతోనే వేశాడు. కాస్త దూరం నుంచి చూస్తే ఎవరైనా చెయ్యి చాపి తీయబోవాల్సిందే. మనుషులు వయసు దాచుకోవడానికి రంగు వేసుకుంటారని విన్నాను. వయసు రావడానికి రంగు వేయించుకున్నది బహుశా నేనొక్కదాన్నే.

ఆ సినిమా పేరు ‘చివరి గట్టు’. రాబోయే తరాల కథ. సముద్రాలు పొంగి తీరాలన్నీ మునిగిపోతాయి. మిగిలిన జనాన్ని తోలుకొచ్చి ఎత్తయిన ఒక గట్టు మీద శిబిరంలో పెడతారు. కొన్నాళ్లకు ఆ గట్టు కూడా ప్రభుత్వానికి అవసరపడి, సైనికులు వచ్చి వాళ్లని ఖాళీ చేయించి, శిబిరానికి నిప్పు పెడతారు. దర్శకురాలు కౌముది ఈ కథ చెబుతూ నా మీద చెయ్యి వేసి, “ఆఖర్లో ఈ తలుపు కాలిపోవడం దగ్గర్నుంచి చూపిస్తాం” అంది. అలా నా చావు ఎలా ఉంటుందో నాకు పుట్టిన వారంలోనే తెలిసిపోయింది. కాల్చడానికి చేసినదాన్ని కాబట్టి నాకు మంచి చెక్క పెట్టలేదు. అందులో నేను తప్పు పట్టడానికేమీ లేదు.

లారీ ఎక్కించి నన్ను కోనపాకలు తీసుకొచ్చారు. కాకినాడకి ఉత్తరంగా, సముద్రాన్ని ఆనుకుని ఉన్న బెస్తవాళ్ల ఊరు అది. ఊరంటే ఊరిలో మిగిలిన ముక్క. ఒకప్పటి తారురోడ్డు సముద్రంలోకి దిగి అక్కడితో ఆగిపోతుంది. ఒడ్డున సగం గోడలు, మెట్లు మాత్రమే మిగిలిన ఇళ్లు ఉంటాయి. “ఇక్కడ సెట్టు సగం వేసే ఉంది” అన్నాడు ప్రొడక్షన్ మేనేజరు చక్రధర్. పక్కనున్నవాళ్లు నవ్వారు. కౌముది నవ్వలేదు గానీ ఊరు మార్చనూ లేదు.

సరుగుడు తోట వెనక ఇసుక దిబ్బ మీద శిబిరం కట్టారు. ఎదురెదురుగా రెండు వరసల గదులు, మధ్యలో సందు. గదులంటే ముందు గోడలే. వెనక్కి వెళ్లి చూస్తే వెదురు బొంగులూ, ఊతకర్రలూ, ఆ పైన ఆకాశం. ముందు వరసలో మొదటి గదికి నన్ను బిగించారు.

శిబిరంలో జనం కావాలి కదా. ఆ ఊరి వాళ్లనే పెట్టుకున్నారు. వాళ్లలో మసేనమ్మ ఒకతె. యాభై దాటిన మనిషి, చేపల గంప నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి అమ్ముకొచ్చేది. నడక బాగా వేగం. ఆమె భర్త గుర్రయ్య వేటకి వెళ్తాడు. పడవ దిగాక నేలమీద ఆయనకి పెద్దగా పని తోచదు, మాట కూడా తోచదు. పొద్దున్నే అందరినీ వరసలో నిలబెట్టి మొహాలకి బూడిదరంగు పొడి పూసేవారు. ఆడవాళ్ల బొట్లు తుడిచేసేవారు. “ఆ కాలంలో బొట్లుండవా బాబూ?” అని మసేనమ్మ మేకప్ కుర్రాణ్ని అడిగింది. అతనికి తెలియదు. అడిగి చెబుతానన్నాడు, మళ్లీ చెప్పలేదు. ఆమె ఇంటికెళ్లి మొహం ఎంత రుద్దినా చెవుల వెనక ఆ బూడిద మిగిలిపోయేదట.

గుర్రయ్య ఒక్కరోజు మాత్రమే వేషం వేశాడు. సాయంత్రం నా పక్కన ఇసుకలో కూర్చుని చుట్ట ముట్టిస్తూ, “ముందుముందు జరిగే కతంట. మరి మనకి జరిగిందేటో” అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. దగ్గర్లో నేను తప్ప ఎవరూ లేరు.

మసేనమ్మకి సినిమాలో చెప్పడానికి ఒక మాట కూడా ఇచ్చారు. సైనికులు వచ్చినప్పుడు ఆమె నన్ను పట్టుకుని నిలబడి, “ఎక్కడికి పొమ్మంటారు?” అనాలి. ఏడుస్తూ అనమన్నారు. ఆమె ఏడవలేదు. కాకినాడ బస్సు ఎన్నింటికని అడిగినట్టు అడిగింది. సహాయ దర్శకుడు మళ్లీ చేయించబోతే కౌముది వద్దంది. ఆ పూటంతా ఆమె ఇంకో షాటు తీయలేదని గుర్తు.

కాల్చే సీను మిగిలుండగానే షూటింగ్ ఆగింది. హీరోకి వేరే సినిమా ఉందట, పైగా వానలు మొదలయ్యాయి. చలికాలంలో వస్తామని చెప్పి, ఒక వాచ్‌మన్‌ని పెట్టి అందరూ వెళ్లిపోయారు.

ఆ వానల్లోనే వాయుగుండం పట్టింది. దిబ్బ మీద ఉన్నాను కాబట్టి నాకు సముద్రం కనబడలేదు, చప్పుడు మాత్రం వినబడింది. అది అలల చప్పుడు కాదు, గోడలు కూలుతున్న చప్పుడు. ఊరి చివరి వరసలో మిగిలిన ఇళ్లన్నీ అప్పుడే పోయాయి. మసేనమ్మ ఇల్లు కూడా పోయింది. తెల్లవారాక జనం తడిసిన మూటలతో సరుగుడు తోటలోంచి నడిచి వచ్చారు. షూటింగులో వీళ్లే ఇదే దారిన ఇలాగే నడిచారు. అప్పుడు వాళ్లచేత మళ్లీ మళ్లీ నడిపించారు. ఇప్పుడు ఒక్కసారికే సరిపోయింది.

ముందు వాళ్లని స్కూల్లో పెట్టారు. కొన్నాళ్లకి స్కూలు తెరవాలి, ఖాళీ చేయమన్నారు. స్థలాలు ఇస్తామన్నారు గానీ ఎక్కడో, ఎప్పుడో చెప్పలేదు. ఒకరోజు మధ్యాహ్నం మసేనమ్మ దిబ్బ ఎక్కి వచ్చి నా ముందు నిలబడింది. రంగు గడియ మీద వేలితో గీసి చూసింది. తర్వాత నన్ను తోసుకుని లోపలికి వెళ్లి, ఆ ఊతకర్రలనీ ఆకాశాన్నీ కాసేపు చూసింది. “మిగతా మూడు పక్కలా కడితే సరి” అంది గుర్రయ్యతో. వాచ్‌మన్ చూశాడు. ఆయనది కూడా ఆ ఊరే. అటు తిరిగి బీడీ కాల్చుకున్నాడు.

వారం తిరిగేసరికి రెండు వరసలూ నిండిపోయాయి. తాటాకులు, పాత తెరచాప గుడ్డ, రేకులు, విరిగిన పడవ చెక్కలు. మా ముందు గోడల వెనక నిజమైన గదులు లేచాయి. మసేనమ్మ నాకు పసుపు రాసి బొట్లు పెట్టింది. ప్లాస్టరు ఆ పసుపుని పీల్చేసుకుంది. ఆమె మళ్లీ రాసింది. గుర్రయ్య సముద్రం తినగా మిగిలిన ఏదో ఇంటి నుంచి ఇనుప గడియ ఒకటి ఊడదీసుకొచ్చి, రంగు గడియ ఉన్నచోటే బిగించాడు. మొదటిసారి లోపల నుంచి ఎవరో నన్ను వేసుకున్నప్పుడు ఏమనిపించిందో నాకు చెప్పడం రాదు. అప్పటిదాకా నా ముందు నిలబడే మనుషులే ఉన్నారు. ఇప్పుడు నా వెనక నిద్రపోయే మనుషులు ఉన్నారు. చెమ్మకి నేను ఉబ్బిపోయి గడపకి రాసుకుంటుంటే, మసేనమ్మ విసుక్కోకుండా భుజంతో ఒక్క పోటు పొడిచి తీసేది.

చెప్పినట్టే చలికాలంలో సినిమావాళ్లు వచ్చారు. దిబ్బ మీద పొయ్యిల పొగ, తాళ్ల మీద ఆరేసిన చీరలు, సందులో ఎండబెట్టిన నెత్తళ్ల చేపలు చూసి లారీలు తోట దగ్గరే ఆగిపోయాయి. చక్రధర్ వాచ్‌మన్ మీద అరిచాడు. హీరో ఖాళీగా ఉండేది ఆ నాలుగు రోజులేనట. పోలీసుల్ని పిలుస్తానన్నాడు. నిజానికి ఆయన చెడ్డవాడేం కాదు. పైనుంచి నిర్మాత ఫోన్లు చేస్తుంటే, కిందనున్న వాళ్లకి అరుపులు అందేవి. వేదాద్రి మాత్రం నేరుగా నా దగ్గరికి వచ్చి, తను వేసిన గడియ మీద బిగించిన గడియని తీసి వేసి చూశాడు. 

కౌముది ఆ రోజు రాలేదు. మర్నాడు పొద్దున ఒక్కతే వచ్చింది. మసేనమ్మ ఆమెకి టీ ఇచ్చి, తను గడప మీద కూర్చుంది. కౌముది ఇసుకలో కూర్చుంది.

“మసేనమ్మగారూ, ఈ సీను తీయకపోతే సినిమా లేదు” అంది కౌముది. “సినిమా లేకపోతే ఇన్నాళ్లు చేసినవాళ్ల కష్టమంతా పోతుంది. కానీ మిమ్మల్ని వెళ్లమనడానికి నాకు నోరు రావడం లేదు.”

“ఆ మాట నాకు మీరే ఇచ్చారు గదమ్మా, ఎక్కడికి పొమ్మంటారని. అప్పుడు మీరు అనమన్నారని అన్నాను. ఇప్పుడు నిజంగానే అడుగుతున్నాను. సెప్పండి.”

కౌముది టీ గ్లాసు కింద పెట్టేసింది. “నాకు తెలీదమ్మా” అంది.

“పోన్లెండి, తెలీదన్నారు” అంది మసేనమ్మ. “ఇప్పటిదాకా ఒచ్చినోళ్లందరూ తెలుసనే సెప్పారు.”

మధ్యాహ్నం ఆడవాళ్లంతా సందులో కూడారు. మాటలు గట్టిగానే నడిచాయి. కొందరు కదిలేది లేదన్నారు. వాళ్ల సెట్టు వాళ్లు అడుగుతున్నారు, మనం ఏమని ఆపుతామన్నారు కొందరు. పోలీసులొస్తే రెండు వరసలూ పోతాయని, మాట్లాడుకుంటే ఒక వరసైనా మిగులుతుందని మసేనమ్మ అంది. ఆ మాట కౌముది దగ్గరికి తీసుకెళ్లింది కూడా ఆమే. సినిమావాళ్లు ముందు వరస కాల్చుకోవచ్చు. ఆ వరసలోవాళ్లు ఎదురు వరసలో సర్దుకుంటారు. ఎదురు వరసని మాత్రం ఎప్పటికీ ముట్టుకోకూడదు. షూటింగుకి తెచ్చిన బొంగులూ, రేకులూ, చెక్కలూ తిరిగి తీసుకెళ్లకుండా ఊరివాళ్లకే వదిలేయాలి. నిర్మాతని ఒప్పించడానికి కౌముది తోటలో అటూ ఇటూ తిరుగుతూ ఫోనులో పోట్లాడింది. గెలిచి వచ్చినా ఆమె మొహంలో గెలిచిన కళ లేదు.

ఆ సాయంత్రం గుర్రయ్యకి కోపం వచ్చింది. ఆయనకి కోపం రావడం నేను చూసింది అదొక్కసారే. ముందు వరసలో మొదటిది మన ఇల్లే కదా, నీకు తెలీదా అన్నాడు. 

“తెలుసు” అంది మసేనమ్మ. “పక్కోళ్ల ఇల్లు కాల్సమని నేనెలాగ సెప్తాను?”

ఆయన లేచి గిన్నెలు మూట కట్టడం మొదలుపెట్టాడు.

వాళ్లు ఖాళీ చేస్తుంటే తీయవచ్చా అని కౌముది అడిగింది. అడగడానికి ఆమె సిగ్గుపడింది. మసేనమ్మ ఒప్పుకుంది, ఒక్క షరతు పెట్టి. “మొకాలకి బూడిద పుయ్యొద్దు. మా బొట్లు మాకుండగానే తియ్యండి.”

అలాగే తీశారు. నన్ను అప్పటికే వేదాద్రి విప్పి సరుగుడు చెట్టుకి ఆనించాడు. ఆయన నన్ను కాల్చలేక, రెండు రోజులు కూర్చుని నాలాంటిదే ఇంకోటి చేసి నా చోట బిగించాడు. చక్రధర్ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. చెట్టు దగ్గర నుంచి నేను అంతా చూశాను. యాక్షన్ అని ఎవరూ అరవలేదు. మసేనమ్మ నెత్తిన మూట, చంకన బిందెతో బయటికి వచ్చింది. గుర్రయ్య వల భుజాన వేసుకున్నాడు. ఒక ముసలామె పొయ్యిలో మిగిలిన నిప్పుని పెంకులో తీసుకుని ఎదురు వరసకి దాటించింది. వాళ్లు దాటింది ఒక సందు మాత్రమే. అయినా ఇల్లు వదిలినవాళ్ల నడక ఒకటుంటుంది. దూరం ఎంతైనా అది మారదు.

తర్వాత నిప్పు పెట్టారు. నీళ్ల ట్యాంకర్లు ఎదురు వరసకి కాపలా కాశాయి. నా బదులు నిలబడ్డ తలుపు చాలా అందంగా కాలింది. నాకంటే కొత్తది, పొడిగా ఉన్నది.  కౌముది కెమెరా వెనక నుంచి లేచి వచ్చి మసేనమ్మ పక్కన నిలబడింది. మసేనమ్మ ఆమె వైపు చూడలేదు, పొమ్మనీ అనలేదు.

మరుసటేడు సినిమా వచ్చింది. పట్టణాల్లో జనం ఏడ్చారని, పత్రికలు పెద్ద పెద్ద మాటలు రాశాయని చెప్పుకున్నారు. కౌముది ఊరివాళ్లకి ఇచ్చిన మాట ప్రకారం కోనపాకల్లో కూడా వేసింది. పొద్దు గూకగానే ఇసుకలో తెర కట్టారు. ‘రాబోయే కాలం’ అని తెర మీద అక్షరాలు పడగానే జనం గొల్లున నవ్వారు. బూడిద మొహాల్లో ఒకరినొకరు గుర్తుపట్టి పేర్లు పెట్టి పిలుచుకున్నారు. నీళ్లు ముంచెత్తడం, సైనికులు, తుపాకులు, హీరో పరుగులు అన్నీ వాళ్లకి వేడుకగానే ఉన్నాయి. ఇళ్లు ఖాళీ చేసిన ఆ నడక వచ్చేసరికి మాత్రం నవ్వులు ఆగిపోయాయి. అక్కడ సంగీతం లేదు. ఇసుకలో కాళ్ల చప్పుడే ఉంది. తెర మీద మసేనమ్మ బొట్టుతో, బిందెతో, తల తిప్పకుండా నడుచుకుంటూ వచ్చింది.

అయిపోయాక కౌముది చీకట్లో ఒక పక్కన కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది. మసేనమ్మ వెళ్లి ఆమె తల మీద చెయ్యి వేసింది. ఏమనుకున్నారమ్మా మా సినిమా గురించి అని కౌముది అడిగింది.

“నా నడక బాగుందమ్మా” అంది మసేనమ్మ. “అలాగుంటదని నాకు తెలీదు.”

సినిమా వల్లనో, మరి దేనివల్లనో, అంతవరకు రాని అధికారులు వచ్చారు. లోపలికి, సముద్రం కనబడని చోట, ఎర్రమట్టి నేలలో స్థలాలు ఇచ్చారు. ఇళ్లు కూడా లేచాయి. వాటికి ఇనుప తలుపులు. మసేనమ్మ అక్కడికి వెళ్లింది. ఖాళీగా ఉంచితే ఆ ఇల్లు ఇంకెవరిదో అవుతుందని ఆమె భయం. గుర్రయ్య వెళ్లలేదు. పడవ ఎర్రమట్టిలో నడవదు కదా అన్నాడు. తోట చివర తాటాకు పాక వేసుకుని, చెట్టుకి ఆనించి వదిలేసిన నన్ను తెచ్చి పెట్టుకున్నాడు. ఈ వయసులో ఇద్దరికీ రెండు కాపురాలు అయ్యాయి.

ఈ మధ్యలో హైదరాబాదులో ఎవరో ఆ సినిమా వస్తువులతో ఒక ప్రదర్శన పెట్టారట. కాలకుండా మిగిలిన తలుపు కావాలని అడిగారు. వేదాద్రి వచ్చి నన్ను చూశాడు. గుర్రయ్య పాకలో ఉన్న ఒకే ఒక తలుపుని తీసుకెళ్లడం ఆయనకి మనసొప్పలేదు. వెళ్లి మరోటి చేసిచ్చాడు. అది ఇప్పుడు గాజు వెనక, లైటు కింద ఉంటుంది. దాని ముందు నిలబడి జనం చాలాసేపు ఆలోచిస్తారని విన్నాను. ఆలోచించనివ్వండి. నకలుకి నకలైనా, ఆలోచించే వాళ్లకి అది చాలు.

నా సంగతి వేరు. ప్లాస్టరు చాలావరకు రాలిపోయింది. టేకు చారలు పోయి, ప్లైవుడ్ పొరలు బయటపడ్డాయి. వేదాద్రి ఇచ్చిన ముసలితనం పోయి నా సొంత ముసలితనం వచ్చింది. గుర్రయ్య నన్ను బిగించలేదు. లోపలికి వెళ్లాక ఈడ్చుకుని గుమ్మానికి ఆనించుకునేవాడు, పొద్దున్నే పక్కకి జరిపేవాడు. ఈ ఏడు సముద్రం సరుగుడు వేళ్ల దాకా వచ్చింది. ఎప్పుడు పీకాల్సి వస్తుందో తెలియనప్పుడు మేకులు దేనికని ఆయన ఉద్దేశం. 

మసేనమ్మ పొద్దున్నే మిగతా ఆడవాళ్లతో ఆటోలో వస్తుంది, చేపలు కొనుక్కోవడానికి. వచ్చినప్పుడల్లా పాక దగ్గర ఒక్క క్షణం ఆగి, ఆనించి ఉన్న నన్ను చూసి వెళ్లేది. మొన్న ఒకరోజు గంప దించి, అందులోంచి కాగితం పొట్లం తీసి గుర్రయ్య చేతిలో పెట్టింది. కొత్త మడతబందులు, మేకులు.

“బిగించు” అంది.

“మళ్లీ పీకాల్సిందే గదే” అన్నాడాయన.

“పీకే రోజు పీకుదాం. ఉన్న రోజు తలుపు తలుపులాగే ఉండాల.”

గుర్రయ్య పొట్లం వైపు చూశాడు, సముద్రం వైపు చూశాడు. తర్వాత సుత్తి కోసం లోపలికి వెళ్లాడు. ఆయన మేకులు కొడుతున్నంతసేపూ మసేనమ్మ తన భుజం ఆనించి నన్ను గుమ్మంలో నిలబెట్టి పట్టుకుంది. దెబ్బ దెబ్బకీ మిగిలిన ప్లాస్టరు ఆమె చీర మీద రాలింది. దులుపుకోలేదు. అయ్యాక నన్ను ఒకసారి తీసింది, ఒకసారి వేసింది. గంప నెత్తిన పెట్టుకుని, పడవలు వచ్చాయేమోనని ఒడ్డు వైపు నడిచింది.